నాలుగో సీజన్‌లో ముసలమ్మ

"నాలుగో సీజన్‌ల ముసలమ్మనే లేదురా. పొద్దుందాక కూసొని మొత్తం చూసిన," అన్నాడు హరీష్ ఫోన్లో.

జితేందర్ ఆఫీసు క్యాంటీన్‌లో చాయ్ కప్పు కింద పెట్టాడు. "ఎట్ల లేదు? మొదటి ఎపిసోడ్‌లనే పెట్రోల్ ట్యాంకర్ తోలుకొని పెండ్లికి పోతది. నవ్వలేక సచ్చిన నేను."

"ట్యాంకర్ లేదు, పెండ్లి లేదు. కుక్కకు పేరు పెట్టనీకె మొగుడు పెండ్లాలు కొట్లాడుడే ఉన్నది. దీన్ని బెస్ట్ సీజన్ అంటవా?"

ఇద్దరిదీ చేవెళ్లే. బడిలో ఒకే బెంచీ, మాదాపూర్‌లో ఒకే కంపెనీ. సాఫ్ట్‌వేర్ జీతాలు చేతికొచ్చిన కొత్తలో చెరిసగం వేసుకుని చిన్న మంగళారంలో ఎకరం కొని చిన్న ఫామ్‌హౌస్ కట్టుకున్నారు. షిఫ్టులు కలవవు కాబట్టి జితేందర్ శనివారం, హరీష్ ఆదివారం వెళ్తారు. అక్కడి టీవీ పక్కన ఒక అమెరికా కార్టూన్ సీరియల్ పన్నెండు సీజన్లూ ఉన్నాయి. పెట్రోల్ బంకు నడిపే కుటుంబం కథ. పన్నెండేళ్లయినా అందులో పిల్లలు పై తరగతికి పోరు. సీజన్‌కొక తెల్ల డిస్కు, తెలిసినవాడితో కాపీ చేయించినవి. నంబర్లు కాగితం కవర్ల మీదే ఉంటాయి.

జితేందర్ లెక్క ప్రకారం మొదటి రెండు సీజన్లు తప్పటడుగులు. మూడు నుంచి ఆరు దాకా పాకం కుదిరింది, నాలుగైతే మరీను. ఆ తర్వాతంతా సాగదీతే. హరీష్ మాత్రం పదో సీజన్ బంగారమన్నాడు. శనివారం జితేందర్ పదోది పెట్టుకుని చూస్తే ఆవలింతలు తప్ప ఏమీ రాలేదు.

"నీకు టేస్టు లేదురా," అన్నాడు ఫోన్లో.

"నీకు నిజం చెప్పుడు రాదు," అన్నాడు హరీష్.

గోటితో పోయేదానికి గొడ్డలి దాకా వచ్చింది. వచ్చిన వేళ కూడా మంచిది కాదు. అంతకు నెల ముందే రిసార్టు కట్టే పెద్దమనిషి ఒకాయన ఆ ఎకరానికి నాలుగింతల ధర ఇస్తానన్నాడు. ఆయన్ను పట్టుకొచ్చింది జితేందరే. చూడ్డానికి వచ్చిన రోజు, ఫామ్‌హౌస్‌కు కాపలా ఉండే ఆలుమగలు కొమురయ్య, అంతమ్మల గదిని ఆయన చేత్తో చూపించి, "ఇది కూలగొట్టాలె," అన్నాడు.

"మీకేం ఫికర్ అవ్వా, ఏ ఫామ్‌హౌస్‌లనైనా పని దొరుకుతది," అన్నాడు జితేందర్. అంతమ్మ నీళ్ల గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లింది.

గురువారం రిజిస్ట్రేషన్. బుధవారం హరీష్ ఫోన్ చేశాడు.

"లేని ముసలమ్మను ఉన్నదన్నోనివి. రేటు గూడ గిట్లనే చెప్తున్నవేమో ఎవరికెరుక. నేను సంతకం పెట్ట."

జితేందర్ ఫోన్ పెట్టేశాడు. అన్నది మామూలోడు కాదు, ఒకే డబ్బాలో అన్నం తిన్నవాడు. భూమి పోతే పోనీ, వీడు పోతే ఎట్లా అనుకున్నాడు. గురువారం వచ్చింది, వెళ్లింది. రిసార్టు ఆయన శుక్రవారమే కనకమామిడిలో ఇంకో భూమికి బయానా ఇచ్చేశాడు.

శనివారం పొద్దున్నే జితేందర్ ఫామ్‌హౌస్‌కు వెళ్లి నాలుగో కవరు తెరిచాడు. డిస్కు పెట్టాడు. ముసలమ్మ రాలేదు. ఇంకో ఎపిసోడ్, ఇంకోటి. రాలేదు. తను నవ్వింది నిజం, సోఫా మీద నుంచి జారింది నిజం. మరి ముసలమ్మ ఎటు పోయినట్టు? హరీష్‌కు ఫోన్ చేశాడు.

"నువ్వన్నదే నిజంరా. ముసలమ్మ లేదు. నాకేమో అయింది. దవాఖానకు పోత."

ఆ గొంతు విని హరీష్ ఆఫీసు మధ్యలో వదిలేసి బండి తీశాడు. గంటలో వచ్చి నేల మీద కూర్చుని, ఒక్కో డిస్కూ పెట్టి చూడసాగాడు. ఏడో కవరులోంచి ముసలమ్మ ట్యాంకర్ తోలుకుంటూ వచ్చింది. అతను బంగారమన్న పదోది రెండో కవరులో దొరికింది. ఏ డిస్కూ దాని కవరులో లేదు.

"నిన్ను అబద్ధాలోడన్న. తప్పైందిరా," అన్నాడు హరీష్. జితేందర్ రిమోట్ అతని చేతిలో పెట్టాడు.

అంతమ్మను పిలిచి అడిగితే ఆమె బిక్కమొహం వేసింది.

"దుమ్ము తుడిచి ఏది దొరికితే దాంట్ల పెట్టిన బిడ్డా. గా గీతలు నాకేం ఎరుక?"

"పోనీ అవ్వా. నీ పుణ్యాన భూమి మిగిలింది," అని నవ్వాడు హరీష్. "ఇగ అమ్ముడు బంద్. ఏమంటవురా?"

"బంద్," అన్నాడు జితేందర్. "అవ్వా, మీ గదికి సున్నం ఏయిస్త."

అంతమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. పాపం, ఎంత అమాయకురాలు, ఈమెనా తను బయటికి పంపబోయింది అనుకుని జితేందర్ సిగ్గుపడ్డాడు. మధ్యాహ్నం దాకా ఇద్దరూ డిస్కులు సర్దుతూ, ఏ సీజన్ గొప్పదో మళ్లీ మొదటి నుంచీ వాదించుకున్నారు. ఈసారి వాదన తియ్యగా ఉంది.

వెళ్లేటప్పుడు గేటు దగ్గర కొమురయ్య కరెంటు మీటరు చూసి కాగితం మీద అంకెలు రాసుకుంటున్నాడు.

"తాతా, తీరిక దొరికినప్పుడు అవ్వకు గూడ జర అంకెలు నేర్పియ్యి," అన్నాడు జితేందర్ బండి మీద నుంచి.

కొమురయ్య అయోమయంగా చూశాడు.

"నాకు నేర్పిందే ఆమె గద బిడ్డా."