సున్నాకు రాని గీత

ఆఖరి కాలేజీ బస్సు వెళ్లిపోయాక కండ్లకోయ ల్యాబ్‌లో సుప్రజ ఒక్కతే మిగిలింది. ఎదురుగా, ఊపిరిలోని వాయువులను లేజర్ వెలుతురుతో పసిగట్టే యంత్రం. దాన్ని సున్నాకు తేవాలంటే గదిలో ఉన్నవాళ్లు ఊపిరి బిగబట్టాలి. సుప్రజ బిగబట్టింది.

తెర మీది గీత లేస్తూ, పడుతూనే ఉంది.

పైగా అసిటోన్ చూపిస్తోంది. షుగర్ ముదిరినవాళ్ల ఊపిరిలో ఎక్కువగా ఉండే వాయువు. ముసలి వాచ్‌మన్ శంకరయ్యకు షుగర్ ఉంది. వెంటనే అతని సెల్‌కు ఫోన్ చేసింది.

"తాతా, ల్యాబ్‌లోకొచ్చి దాక్కున్నావా? ఆటలొద్దు!"

"నేను గేటు కాడనే ఉన్న బిడ్డా. లోపల నువ్వొక్కదానివేనాయె. ఏందట్ల పరేషాన్ అయితున్నవ్?"

గదిలో మనిషి దాక్కోగల చోటు మూలనున్న బీరువా వెనక ఒక్కటే. సుప్రజ అటు తిరిగి, మళ్లీ ఊపిరి బిగబట్టింది.

ఈసారి గీత సున్నా మీద ఆగిపోయింది.

బీరువా వెనక ఉన్నది కూడా బిగబట్టింది.

ఛాతీ మండిపోతున్నా సుప్రజ ఊపిరి వదల్లేదు.