బంటుకు బదులు

“బంటును ఊరికే ఇచ్చేశావు. బదులుగా ఏం దక్కిందిరా?” బాగ్దాద్ చాయ్ దుకాణంలో చదరంగం మీదికి వంగి అడిగాడు తండ్రి.

“నా బలగానికి దారులు తెరుచుకున్నాయి. సరిపోదా?” అన్నాడు ముహన్నద్.

“అబూ ఘస్సాన్, చాయ్!” కేకేశాడు దుకాణదారు. పెద్దకొడుకు ఘస్సాన్ యుద్ధంలో పోయినా, తండ్రిని ఇప్పటికీ వాడి పేరుతోనే ‘అబూ ఘస్సాన్’, అంటే ఘస్సాన్ తండ్రి, అని పిలుస్తారు.

ముహన్నద్ ఉండబట్టలేకపోయాడు. “సైనికులొచ్చి ఇంటికొకణ్ణి అడిగితే అన్నయ్యను ఇచ్చావు. బదులుగా దక్కింది నేను. సరిపోయానా నాన్నా?”

“నేను చెప్పింది నీ పేరురా,” అన్నాడు తండ్రి తలెత్తకుండానే. “ఇల్లు నడిపేది మీ అన్న కదా. వాళ్ళొచ్చేసరికి నువ్వింకా బయటి నుంచి ఇంటికి రాలేదు. ‘ముహన్నద్ ఎవరు?’ అని వాళ్ళడిగితే, వాడు ‘నేనే’ అని లేచి వెళ్ళిపోయాడు.”

తండ్రి చాయ్ గ్లాసు పక్కకు జరిపాడు.

“ఎత్తు నీదే, ముహన్నద్.”

ఆ పేరుతో పిలిచింది ఇంకెవరినో అన్నట్టు, ముహన్నద్ వెనక్కి తిరిగి చూశాడు.