తొమ్మిదిసార్లు వెళ్లిన సినిమా

“తొమ్మిదిసార్లు వెళ్లానన్నారుగా, చివరికి ఆ అక్కాచెల్లెళ్లు ఏమయ్యారో చెప్పండి చూద్దాం!”

ఫోన్లో గొంతు అంత సూటిగా అడిగేసరికి యాంకర్ దీప పక్కకు తిరిగి చూసింది. గోదావరిఖని కేబుల్ ఛానల్లో ‘మళ్లొకసారి చూడాల్సిన పాత సినిమాలు’ లైవ్ నడుస్తోంది. పక్క కుర్చీలో పోశం కాక, బొగ్గుబాయిలో ముప్పై ఏళ్లు పనిచేసి దిగిపోయినవాడు, ఇస్త్రీ చొక్కాతో నిటారుగా కూర్చున్నాడు. ఊళ్లో ఆడిన ప్రతి సినిమాకూ టికెట్టు కొన్నవాడని ఆయనకు పేరు.

కెమెరా వెనక ఛానల్ యజమాని జగదీశ్వర్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పొద్దున్నే చెప్పేశాడు. “ఆరు వారాలాయె దీపా. చూసెటందుకు ఓ మంచి సినిమా పేరు చెప్పుమని ఒక్కలన్న ఫోన్ జేసిండ్రా? ఇయ్యాల గూడ ఎవ్వరు అడగకపోతే బంద్. నువ్వు వేరే పని చూసుకో.”

ఇంతసేపటికి వచ్చింది ఒకే ఒక్క ఫోన్. అదీ పేరు అడగడానికి కాదు, తప్పు పట్టడానికి. చేసినాయన నరసింహమూర్తి, రిటైరైన ఇంజనీరు.

“కథ చెప్తే మజా ఏముంటది సార్? చూడాలె,” అన్నాడు పోశం.

“సరే, కథ వద్దు. అందులో ఏం బాగుందో చెప్పండి.”

“అంత మంచిగనే ఉంటది. మెత్తటి సినిమా. పాటలన్ని నిమ్మలంగ వస్తయి. ఒక్క కొట్లాట లేదు, ఒక్క తుపాకి పేలదు.”

“మరి అదే ఏడాది వచ్చిన దొంగల సినిమా? ఊరంతా మెచ్చుకుందే!”

“అది దండుగ సార్. పది నిమిషాలకొక బాంబు. గేటుకాడ లొల్లి జేసి మరీ బయటికొచ్చిన.”

జగదీశ్వర్ గోడ గడియారం వైపు వేలు చూపించాడు.

“నా దగ్గర తప్పించుకోలేరు పోశంగారూ,” అన్నాడు మూర్తి. “చివర్లో చనిపోయేది అక్కా, చెల్లెలా?”

దీప మైకు మీద అరచెయ్యి పెట్టింది. “కాకా, ఏదో ఒకటి చెప్పు. నీకు దండం పెడత.”

“అబద్ధమెట్ల చెప్పాలె బిడ్డా,” అని పోశం మైకును తన వైపు తిప్పుకున్నాడు. “సార్, నాది ఎప్పుడు నైట్ షిఫ్టే. పొద్దుగాల డ్యూటీ దిగి ఇంటికొస్తే రెండర్రల క్వార్టరు, నలుగురు పిల్లలు, మీదికెళ్లి మా అత్త. ఏడ పండుకోవాలె? ఇంత తిని పదకొండు గంటల ఆటకు పోయేటోన్ని. టాకీసుల సల్లగ, చీకటి. గా సినిమాకు తొమ్మిదిసార్లు పోయి తొమ్మిదిసార్లు పండుకున్న. ఒక్కసారి గూడ నడుమల మెలుకువ రాలే. గేటాయన వచ్చి లేపాల్సిందే. గంత మంచి సినిమా మళ్ల రాలేదు సార్.”

దీప తలొంచుకుని కాగితాలు మడతపెట్టుకుంది. కెమెరా ఆపమని జగదీశ్వర్ చెయ్యెత్తాడు.

అప్పుడు ఫోన్లో గొంతు సవరించుకున్న చప్పుడు వినిపించింది.

“పోశంగారూ, రిటైరైన దగ్గర్నుంచి నాకు కన్ను మూతపడటం లేదు. అలాంటివి ఇంకో నాలుగు సినిమాల పేర్లు చెప్పండి, రాసుకుంటాను.”