తేనెగొంది కోసం ఇంకో సెర్చింజన్

అందరూ వాడే పెద్ద సెర్చింజన్‌లో కనిపించని ఊరు లేనట్టేనని సర్కారు తేల్చేసి అప్పటికి ఆరేళ్లయింది. కారం బుచ్చమ్మ కూతురికి హాస్టల్లో సీటు కావాలంటే తల్లి పుట్టిన ఊరు రాయాలి. తేనెగొంది అని రాస్తే, హాస్టల్ ఆఫీసు గుమాస్తా కంప్యూటర్ తెర వంక చూసి కాగితం తిరిగి ఇచ్చేశాడు.

"అలాంటి ఊరు లేదమ్మా. దగ్గర్లో ఉన్నదేదో ఒకటి రాసుకో."

తేనెగొంది ప్రాజెక్టు నీళ్లలో మునిగేదాకా బుచ్చమ్మ ఆ ఊళ్లోనే బతికింది. పెనిమిటిని పూడ్చిపెట్టిందీ అక్కడే.

నెట్ సెంటర్ సైదులు ఆమెకు ఆశ పెట్టాడు. "ఇంకో సెర్చింజన్ వచ్చిందక్కా. ఎక్కువమంది వాడరు గానీ, అది పెద్దదాని మాట వినదంట. చూద్దాం."

అతను ఊరి పేరు కొట్టాడు. బుచ్చమ్మకు చదువు రాదు, అతని మొహమే చూస్తూ కూర్చుంది. మూడుసార్లు అక్షరాలు మార్చి కొట్టాక సైదులు చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"అదే మాట అక్కా. ఇది కూడా ఆ పెద్దదాన్నే అడిగి చెప్తోంది."

"మా ఆయన పేరు కొట్టి చూడు తమ్ముడూ."

"ఊరే లేదంటే మనిషిని ఎక్కడని వెతుకుతదక్కా?"

మర్నాడు ఆఫీసు వరండాలో కూతురు కొత్త కాగితం నింపింది. తల్లి పుట్టిన ఊరి దగ్గర కొత్తపేట అని రాసి, "ఏలిముద్ర వెయ్యమ్మా" అంది. కొత్తపేట ఎటువైపుందో కూడా బుచ్చమ్మకు తెలియదు. అయినా వేసింది.

గుమాస్తా తెర చూసి, "ఆఁ, ఈ ఊరుంది" అని కాగితం తీసుకున్నాడు.

తేనెగొంది పేరు బుచ్చమ్మ నోట ఆ తర్వాత ఎవరూ వినలేదు.