పచ్చి పిండి

"అత్తయ్యా, పదకొండింటికి చిట్టికి పిండి తాగించారా?"

ఆఫీసు నుంచి పరుగెత్తుకొచ్చిన కోడలి ఒళ్లో నాలుగేళ్ల చిట్టి తోటకూర కాడలా వాలిపోయి ఉంది. ఒళ్లంతా చల్లటి చెమట.

"గ్లాసు ఖాళీ చేసింది తల్లీ. చుక్క వదల్లేదు."

"మరి ఒంట్లో చక్కెర ఎందుకు పడిపోతోంది? నేను ఉద్యోగంలో చేరిన ఈ వారంలోనే ఇది మూడోసారి."

చక్కెర నీళ్లు చెంచాతో పడుతుంటే చిట్టి మెల్లగా చప్పరించింది. పుట్టుకతోనే ఒంట్లో చక్కెర నిలవని జబ్బు దానిది. నాలుగు గంటలకోసారి చన్నీళ్లలో కలిపిన కార్న్‌ఫ్లోరే దానికి ప్రాణాధారమని డాక్టరు చెప్పాడు. వేళలు, చెంచాల లెక్క చీటీ మీద రాసి డబ్బాకు అంటించింది కోడలు.

అప్పుడు కనిపించింది, పొయ్యి మీద జావ అట్టకట్టిన గిన్నె.

"ఇందులో ఏం కాచారు?"

"దాని పిండే. పచ్చిది తాగితే పసిదానికి కడుపునొప్పి రాదూ? చిటికెడు ఉప్పేసి కాస్తున్నా. ఎంత ఇష్టంగా తాగుతుందో."

"ఉడికితే ఇట్టే అరిగిపోతుంది అత్తయ్యా. పచ్చిగా ఉంటేనే గంటల తరబడి నిలుస్తుంది."

అత్తగారు గిన్నెను పొయ్యి మీంచి దించేసింది. "నా చేతులతో నేనే..."

నోటిదాకా వచ్చిన కోపంతో కోడలు డబ్బా వైపు చూసింది. చీటీలో అన్నీ ఉన్నాయి. కాచకూడదన్న మాటే లేదు.

"నేను రాయలేదు అత్తయ్యా," అంది.

చిట్టి కళ్లు తెరిచింది. అత్తగారు చన్నీళ్లలో పిండి కలిపి తెచ్చింది.

ఒక్క గుక్క తాగి చిట్టి మొహం తిప్పుకుంది. "ఇది కాదు నానమ్మా. మంచిది కావాలి."

"ఇదేనమ్మా మంచిది," అంది అత్తగారు, గ్లాసు మళ్లీ దాని నోటికి అందిస్తూ.