రెండు మూటల లద్దె

"రెండు మూటలు సాలునా బావా?" అన్నాడు ఫోనులో కృష్ణప్ప.

"సాలు. పచ్చిదే తీసకరా. ఎండిపోయిందైతే ఎవురూ నమ్మరు," అన్నాడు తిమ్మప్ప చుట్టూ ఒకసారి చూసుకుని.

కృష్ణప్ప ఆయన బావమరిది. కుప్పం పక్కన రామకుప్పంలో రాగి పండిస్తాడు. పండిన దాంట్లో సగం ఏనుగులే తినిపోతాయి. అతని చేలో గింజలకు కరువుండొచ్చు గానీ ఏనుగు లద్దెకు మాత్రం కొదవలేదు. తిమ్మప్పకు కావలసింది అదే.

తిమ్మప్ప పుంగనూరు దగ్గరి పెద్దచెరువులో తట్టలాంటి పుట్టి వేసుకుని చేపలు పట్టే మనిషి. చెరువు నడుమ నాలుగెకరాల దిబ్బ ఉంది. దాని మీది తుమ్మచెట్లలో ఏటా ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు పెడతాయి. రెండేళ్ళ కిందట ఎవరో పుణ్యాత్ముడు ఆ దిబ్బను వీడియో తీసి లోకానికి చూపించాడు. ఇంకేముంది, బెంగళూరు నుంచి ఒకటే కార్లు! మదనపల్లె నవీన్ రెండు మోటారు బోట్లు దించాడు. ఫోటోల కోసం దిబ్బ మీద గుండె ఆకారంలో ఇనుప ఆర్చీ నిలబెట్టాడు. వచ్చినవాళ్ళు ఊరుకుంటారా? కొంగలు లేస్తే వీడియో బాగా వస్తుందని చప్పట్లు కొడతారు. తల్లి లేచిన గూట్లో కాకి దిగుతుంది. నిరుడు రెండొందల గూళ్ళుంటే ఈ ఏడు నలభై మిగిలాయి. వాటిని లెక్కపెట్టిన రోజు తిమ్మప్పకు అన్నం సహించలేదు.

ఆ నలభైకీ ఆదివారం గండం వచ్చిపడింది. నవీన్ దిబ్బ మీద డీజే పెడుతున్నాడు.

"గూళ్ళలో పిల్లలుండాయప్పా. ఆ మోతకు తల్లులు లేచిపోతే మళ్ళా రావు," అని బతిమాలాడు తిమ్మప్ప.

"కొంగలకు సెట్లు యాడైనా దొరుకుతాయిలే తిమ్మప్పా. నాకు ఇంత జనం మళ్ళా దొరుకుతారా?" అని నవ్వేశాడు నవీన్.

అప్పుడు పుట్టింది ఈ మూటల ఆలోచన.

"శనివారం ఆఖరి బోటు పోయినాక రా," అని ఫోనులో వివరంగా చెప్పాడు తిమ్మప్ప. "నా పుట్టి రేవులో కట్టేసి ఉంటాది. దిబ్బ మీద నాలుగు చోట్ల పోసి, వచ్చిన దావనే ఎల్లిపో. నా మీద అనుమానం రాకుండా నేను మదనపల్లెలో పెండ్లికి పోతాండా. ఆదివారం మధ్యాన్నం దాకా నాకు ఫోన్ చేయొద్దు. ఎవురన్నా ఇంటే కొంప మునుగుతాది."

"చెరువు నడుమకు ఏనుగు ఎట్ల వచ్చిందంటే?"

"ఈదుకుంటా వచ్చిందంటారు. ఈదదా యేం?"

"ఈదకేమి బావా! రాగిసంగటి వాసనొస్తే సాలు, యాడున్నా ఎతుక్కుంటా వస్తాది."

ఆదివారం పొద్దున తిమ్మప్ప బస్సు దిగేసరికి చెరువు గట్టు నిండా జనం. నవీన్ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఏనుగంట తిమ్మప్పా! స్పీకర్లు దించను పోయినోళ్ళు లద్దె సూసి పరిగెత్తుకొచ్చినారు."

"అయ్యో దేవుడా!" అని తిమ్మప్ప నోటి మీద చెయ్యి పెట్టుకున్నాడు. అంత బాగా నటించగలనని ఆయనకే తెలియదు.

ఫారెస్టు మేడమ్ చంద్రిక వచ్చింది. మోటారు చప్పుడు వద్దని తిమ్మప్ప పుట్టి ఎక్కింది. తిమ్మప్ప తాడు విప్పుతుంటే ముడి అచ్చం తాను వేసినట్టే ఉంది. చేలో పనిచేసేవాడైనా బావమరిదికి మన ముడి వచ్చేసిందే అని మురిసిపోయాడు.

దిబ్బ మీద చంద్రిక వంగి లద్దె మీదుగా చెయ్యి పెట్టి చూసింది. "ఇంకా వెచ్చగా ఉండాది," అంది.

వేన్నీళ్ళు పోశాడు కాబోలు, వీడి బుర్రే బుర్ర అనుకున్నాడు తిమ్మప్ప. అంతటితో అయిందా? కొమ్మలు విరిగి ఉన్నాయి. బురదలో చేటలంతేసి అడుగులు. నవీన్ గుండె ఆర్చీ వంకర తిరిగి పడి ఉంది. లద్దె పొయ్యమంటే ఇంత పని చేసిన బావమరిదికి కొత్త పంచె పెట్టక తప్పదు.

"ఆ జమ్ముగడ్డిలో దాక్కోనుంటాది. అలికిడి లేకుండా రాప్పా, ఎనక్కి పోదాం," అని చంద్రిక గుసగుసలాడింది.

గట్టెక్కగానే నవీన్‌ను పిలిచింది. "బోట్లు బంద్. ఏనుగు పోయినా సరే, కొంగపిల్లలు ఎగిరిందాకా ఒక్కరు కూడా దిబ్బ మీద కాలు పెట్టగూడదు. గూళ్ళలో చిప్సు కవర్లు సూసినా నేను."

తిమ్మప్పకు ఆమె కాళ్ళకు దండం పెట్టాలనిపించింది.

మధ్యాహ్నానికి స్పీకర్లు, కార్లు, జనం అన్నీ ఖాళీ. తిమ్మప్ప అన్నం డబ్బా తువ్వాలులో కట్టుకుని ఎవరి కంటా పడకుండా ఒంటరిగా దిబ్బకు వెళ్ళాడు. లేని ఏనుగుకు ఆయనెందుకు భయపడతాడు? తల్లికొంగలు రెక్కలు విప్పి పిల్లలకు నీడ పడుతున్నాయి. ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టాడు. నలభై గూళ్ళూ నిండుగా ఉన్నాయి. సంతోషంతో ఆయనకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

జమ్ముకు వీపు పెట్టి కూర్చుని డబ్బా మూత తీశాడు. వేడివేడి రాగిసంగటి, చెనిక్కాయల చట్నీ. వెనక జమ్ము గలగలమంది. చల్లటి గాలి వస్తోందిలే అనుకుంటూ ముద్ద చిదుముతుంటే ఫోన్ మోగింది.

"శెబాసురా కృష్ణప్పా! లద్దె సరే, ఆ ఆర్చీ ఎట్ల పడగొట్టినావు?"

"యా ఆర్చీ బావా? నువ్వు ఫోన్ చేయొద్దంటే ఇంతదాకా చేయలే. కోప్పడొద్దు. నిన్న గంగవరం కాడ బండి చెడిపోయి ఆడనే ఉండిపోతి. ఇప్పుడే రిపేరయింది."

"అంటే?"

"మూటలు రెండూ ఇంకా బండి మీదనే ఉండాయి."