పసుపు మూత గుళికలు

"అమ్మడు గారూ, త్వరగా రండి! ఇది చూడండి, తెల్లమచ్చ ఆవగింజంత కూడా లేదు!"

కొలతలావిడ గాజుపళ్ళాన్ని వెలుతురుకి ఎత్తిపట్టుకుని ఇంచుమించు గంతులేస్తోంది. ప్రయోగశాలలో ఎలుకల మెదడు ముక్కలు కొలవడం ఆవిడ పని. పక్షవాతం తెప్పించిన ఎలుక మెదడుని పల్చగా కోసి రంగునీళ్ళలో ముంచితే బతికున్న భాగం ఎర్రబడుతుంది, చచ్చిన భాగం తెల్లగా మిగిలిపోతుంది. తెలుపు ఎంత తక్కువైతే అంత మంచిది.

"ఏ మూత?" అంది అమ్మడు.

"పసుపు! వరసగా పధ్నాలుగు ఎలుకలు. ఆకుపచ్చ మూతవి చూస్తే ఏడుపొస్తుంది, సగం మెదడుకి సున్నం కొట్టినట్టుంది. ఇంక అనుమానమేముంది? పసుపే ఈస్ట్రోజన్. పెద్దాయన గెలిచారు!"

"నేను ముందే చెప్పానా లేదా?" ఎలుకల బాబాయి పంజరాలు కడుగుతున్న చేతులతోనే పరుగెత్తుకొచ్చాడు. "పక్షవాతం వచ్చిన మర్నాడు కూడా పసుపు మూతవాళ్ళు సన్నకర్ర మీద సర్కస్ వాళ్ళలా నడిచారు. ఆకుపచ్చవాళ్ళు కాలు ఈడ్చారు. ఇవాళ రిటైరయ్యే మనిషికి ఇంతకన్నా ఏం కావాలమ్మా!"

అమ్మడు నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు.

పెద్దాయన ఆమె తండ్రి. కూతురికి నలభై దాటినా ఆయన అమ్మడూ అనే పిలుస్తాడు గనక ఆ భవనంలో అందరికీ ఆమె అమ్మడే. కింది అంతస్తులో ఫార్మసీ ఆమెది. ఎలుకల మెడ దగ్గర చర్మం కింద పెట్టే గుళికలు ఆమే తయారుచేసింది. ఒక డబ్బాలో ఈస్ట్రోజన్ ఉన్నవి, ఇంకో డబ్బాలో ఏ మందూ లేనివి. చూడ్డానికి గుళికలన్నీ ఒకటే, డబ్బా మూతల రంగులే వేరు. ఏ రంగు మూత కింద ఏముందో కాగితం మీద రాసి, కవర్లో పెట్టి అంటించి, తన బీరువాలో దాచింది. కొలిచేవాళ్ళ మనసు ఎటూ మొగ్గకుండా ఉండాలని పెద్దాయన పెట్టిన కట్టుదిట్టం అది. కనక ఆ ముగ్గురిలో అసలు సంగతి తెలిసింది ఆమెకొక్కదానికే.

పసుపు మూత కింద ఉన్నవి వట్టి గుళికలు.

అమ్మ పక్షవాతంతో పోయిన మూడు నెలలకే ఆయన కిడ్నీల మీద చేస్తున్న పరిశోధన పక్కన పడేసి ఈ పనిలో దిగాడు. ముట్లుడిగిన ఆడవాళ్ళకి డాక్టర్లు రాసే ఈ ఆడ హార్మోను మెదడుని కాపాడుతుందా, కాపాడదా? పద్దెనిమిదేళ్ళుగా ఇదొక్కటే ప్రశ్న. ఇప్పటికి మూడుసార్లు హార్మోనే గెలిచింది. మూడుసార్లూ అందరూ చప్పట్లు కొడుతుంటే ఆయన మాత్రం ముఖం మాడ్చుకుని, "ఇందులో ఏదో లోపముంది, మళ్ళీ చేద్దాం" అన్నాడు. ఇంత పిసినారిగా సంతోషపడే మనిషిని ఎక్కడా చూడలేదని బాబాయి నవ్వేవాడు. ఈసారి చాదస్తం మరీ ముదిరింది. లేత ఎలుకలు పనికిరావు, వయసు మళ్ళినవే కావాలన్నాడు. అండాశయాలు తీసిన వెంటనే కాదు, చాలా వారాలు ఆగి అప్పుడు గుళిక పెట్టమన్నాడు.

అంత పట్టుబట్టి చివరికి ఓడిపోయాడు. అదీ ఆఖరి రోజున.

అమ్మడు కిందికి దిగి తలుపు వేసుకుంది. కవరు తీసింది. కొత్త కాగితం మీద 'పసుపు: ఈస్ట్రోజన్' అని రాసింది. అడిగేవాళ్ళు లేరు, పట్టుకునేవాళ్ళు అంతకంటే లేరు. నాన్న ఒక్కసారి మనసారా నవ్వుకుంటూ ఇంటికి వెళితే చాలు కదా అనిపించింది. రెండు నిమిషాలు ఆ కాగితాన్నే చూస్తూ కూర్చుంది. తర్వాత దాన్ని చించి బుట్టలో వేసి, పాత కవరే పట్టుకుని మెట్లెక్కింది. మెట్లు ఎక్కుతున్నంతసేపూ తనని తాను తిట్టుకుంటూనే ఉంది.

నాలుగింటికి పెద్దాయన వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. కొలతల కాగితం చూసి, "పసుపుకీ ఆకుపచ్చకీ ఇంత తేడానా!" అన్నాడు. చెమట పట్టిన అరచేతులు చొక్కాకి తుడుచుకున్నాడు.

"చదువమ్మడూ."

"నాన్నా, ముందు కాసిని మంచినీళ్ళు..."

"నీళ్ళ సంగతి తర్వాత. చదువు!"

ఆమె కవరు చింపింది. "పసుపు మూత... వట్టి గుళిక నాన్నా. ఆకుపచ్చది ఈస్ట్రోజన్."

కొలతలావిడ చేతిలోని గాజుపళ్ళాన్ని బల్ల మీద పెట్టేసింది. బాబాయి తల దించుకున్నాడు.

"అంటే, మందు కాపాడలేదా?" అన్నాడు పెద్దాయన.

"లేదు. ఇంకా ఎక్కువ చెడగొట్టింది."

"డబ్బాలు తారుమారు కాలేదు కదా? ఒట్టేసి చెప్పు!"

"ఒట్టు. ప్రతి గుళికా నా చేత్తో నింపాను."

"కొలతలు?" అని గిర్రున తిరిగాడు.

"ఒక్కోటీ మూడేసిసార్లు కొలిచాను సార్" అంది కొలతలావిడ ఏడుపు గొంతుతో.

పెద్దాయన బల్ల మీద దభీమని చరిచాడు. పకపకా నవ్వాడు. తడి చేతుల బాబాయిని అమాంతం కావలించుకుని గిర్రున తిప్పాడు. పద్దెనిమిదేళ్ళలో ఆయన అలా నవ్వడం ఎవరూ చూడలేదు. నవ్వుతూనే ఉన్నాడు, కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతూనే ఉన్నాయి.

అమ్మడుకి భయమేసింది. "నాన్నా, కూర్చో. ఒక్క ప్రయోగంతో అంతా అయిపోలేదు. ఎలుకలు వేరు, మనుషులు వేరు. నీ ఇన్నేళ్ళ కష్టం ఎక్కడికీ పోలేదు."

"పోతే పోనీవే! అంతా పోనీ!" ఆయన కూతురి రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఎలుకలే, నాకూ తెలుసు. ఈపాటి సాక్ష్యం చాలు నాకు. ఇవాళ కంటినిండా నిద్రపోతాను."

"ఏమిటి నాన్నా నువ్వనేది?"

ఆయన గొంతు తగ్గించాడు.

"మీ అమ్మ చేత ఈ మందు మాన్పించింది నేనే."